పిల్లల పేరున తీసుకున్న కాగజాత్ కూడా అమానతే



ఈసారి సర్కారును తిట్టడంతో మొదలుపెట్టను. నా తప్పుతోనే మొదలుపెడతాను.

మా గోస్పాడు మండలంలో అసర్ నమాజు తర్వాత మస్జిద్ పక్క గదిలో కూర్చుని ఫారాలు నింపిపెట్టడం నాకు కొన్నేళ్ళుగా అలవాటు. తల్లికి వందనం పైసలు ఎందుకు పడలేదు, బ్యాంకు ఖాతాకు ఎన్‌పీసీఐ లింక్ అయ్యిందా లేదా, పాప పేరు ఆధార్‌లో "షేక్" అని, బడి రిజిస్టర్‌లో "ఎస్‌కే" అని ఎందుకుంది? వచ్చే సవాళ్ళు ఇవే. చదువు రాని అమ్మలు, చదువు వచ్చినా ఫోన్‌లో ఆ పేజీలు చూసి గాబరా పడే అమ్మలు వస్తారు. సంచిలోంచి కాగితాలన్నీ తీసి నా ముందు పోస్తారు. ఏది కావాలో, ఏది వద్దో వాళ్ళకు తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ అంతంత మాత్రమే.

పోయిన ఏడాది ఒకరోజు అలా వచ్చిన నలుగురు అమ్మల కాగజాత్ ఫోటోలు తీసి మా జమాత్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. "సచివాలయంలో తెలిసినవాళ్ళుంటే వీళ్ళ పని కాస్త చూడండి భాయ్" అని కింద రాశాను. గ్రూప్‌లో నూట ఎనభై మందికి పైగానే ఉంటారు. నియ్యత్ మంచిదే. సవాబ్ వస్తుందనుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

ఆ నాలుగింటిలో ఒకటి మిషన్ వాత్సల్య దరఖాస్తు. అందులో ఆ చెల్లెలి ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, బిడ్డ ఫోటో, బిడ్డ చదివే బడి, ఇంటి ఆమ్దనీ ఎంతో అన్నీ ఉన్నాయి. అన్నింటికంటే ముఖ్యంగా, మదద్ ఎందుకు కావాలో చెప్పే గడి ఉంది. మియాఁ వదిలేసి వెళ్ళాడని, ఎప్పుడు వెళ్ళాడో, ఎలా వెళ్ళాడో అందులో రాసి ఉంది. రాసింది నా చెయ్యే.

మరుసటి రోజు మగ్రిబ్ తర్వాత ఆమె వాళ్ళ అమ్మీని తోడు తీసుకుని మా ఇంటికొచ్చింది. గొడవ పడలేదు. తల ఎత్తకుండా ఒక్క మాట అడిగింది. "భాయ్, మేరే మియాఁ ఛోడ్‌కో గయే సో బాత్ సారే గాఁవ్‌కు మాలూమ్ హోనా థా క్యా?" మియాఁ వదిలేసిన సంగతి ఊరందరికీ తెలియాలా అని. నా దగ్గర జవాబు లేదు. ఆమె అత్తగారి తరఫు వాళ్ళు కూడా ఆ గ్రూప్‌లో ఉన్నారు. అప్పటికే ఫోటో నంద్యాల దాకా, ఆళ్ళగడ్డ దాకా పోయింది. నేను డిలీట్ చేసేలోపే ఎన్ని ఫోన్లలో దిగిందో అల్లాహ్‌కే తెలుసు.

"దరఖాస్తు వాపస్ తీసుకుంటా భాయ్, పైసలొద్దు" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ పైసలు ఎంతో లెక్క చెబుతాను. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ మంజూరైతే బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. ఏడాదికి 48,000. పల్లెల్లో ఈ మదద్‌కు కుటుంబ ఆమ్దనీ హద్దే ఏడాదికి 72,000. అంటే ఆ ఇంటి ఏడాది సంపాదనలో సగం కంటే ఎక్కువైన మొత్తాన్ని, నా ఒక్క ఫోటో వల్ల, షర్మ్‌తో ఆమె వదిలేసుకుంది.

అప్పటినుంచి నా మనసులో ఒకటే మాట తిరుగుతోంది. పిల్లల పేరున ఇచ్చే మదద్ కోసం మన అమ్మలు చేతిలో పెట్టే కాగజాత్ అమానత్. సర్కారు పట్టుకున్నా, నెట్ సెంటర్ పట్టుకున్నా, నాలాంటివాడు పట్టుకున్నా అది అమానతే. అడిగిన పనికి తప్ప మరో పనికి వాడితే, అవసరం లేనివాడికి చూపిస్తే, అది ఖయానత్.

కాగజాత్ ఇవ్వొద్దు అనడం నా ఉద్దేశం కాదు. ముందే సాఫ్‌గా చెబుతున్నాను, ఎందుకంటే మన ఇళ్ళలో ఆ భయం ఒకటి ఉంది. 2019-20లో సీఏఏ, ఎన్‌ఆర్‌సీ మాటలు వచ్చినప్పుడు ఇంటికి ఎవరైనా రాసుకోవడానికి వస్తే తలుపు వేసుకున్నవాళ్ళను చూశాను. ఆ భయాన్ని నేను వెక్కిరించను. కానీ కాగితం ఇవ్వకపోతే హక్కు పోయేది మన బిడ్డదే. తల్లికి వందనం 2025 జూన్ 12న మొదలైంది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ప్రతి బిడ్డకు 15,000 అని చెప్పి, అందులో 13,000 తల్లి ఖాతాలో వేసి, 2,000 బడి నిర్వహణకు ఉంచారు. ముగ్గురు పిల్లలుంటే ముగ్గురికీ వస్తుంది. ఈ మొత్తం ఒక అమ్మ ఖాతాలో సరిగ్గా పడాలంటే ఆమె ఎవరో, బిడ్డ ఎవరో, ఖాతా ఏదో సర్కారుకు తెలియాలి. ఒక దఫ్తర్ ఇంకో దఫ్తర్‌ను అడగాలి కూడా. కరెంటు మీటరు, భూమి, నాలుగు చక్రాల బండి, ఇన్‌కమ్ ట్యాక్స్, సర్కారీ నౌకరీ... ఇవన్నీ కలిపి చూసే అర్హులెవరో తేలుస్తారు. ఆ కలపడం పూర్తిగా తప్పని నేను అనను. దొంగ పేర్లతో పైసలు మింగేవాళ్ళను అది కొంత ఆపుతుంది.

కానీ కలిపినప్పుడు తప్పు జరిగితే? ఎవరిదో మీటరు మన ఆధార్‌కు ముడిపడి, "మీకు 300 యూనిట్లు దాటింది" అని పేరు కొట్టేస్తే? అప్పుడు అమ్మ ఎవరిని అడగాలి? సచివాలయంలో అడిగితే "పైనుంచి అలా వచ్చిందమ్మా" అంటారు. పైన ఎవరున్నారో ఎవరికీ తెలియదు. మన సంగతి పది దఫ్తర్లకు తెలుస్తుంది. ఆ పది దఫ్తర్లలో మన సంగతికి జవాబిచ్చే మనిషి మాత్రం ఒక్కడూ మనకు తెలియడు. నా షికాయత్ అక్కడ.

ఈ విషయంలో మన రాష్ట్రానికి పాత గాయం ఒకటుంది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ కార్పొరేషన్ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఎవరైనా చూసేలా బయట పడి ఉన్నాయని తేలింది. పేరు, ఊరుతో పాటు కులం, మతం కూడా అందులో ఉన్నాయి. ఇల్లు మంజూరు చేయడానికి తీసుకున్న వివరాలతో, ఏ ఊళ్ళో ఏ మజ్‌హబ్ వాళ్ళ ఇల్లు ఎక్కడుందో వెతుక్కునే వీలు దొరికింది. బయటకు రాగానే ఆ పేజీలు తీసేశారు. కానీ మనలాంటివాళ్ళకు ఆ వార్త చదివినప్పుడు గుండె ఎందుకు దడదడలాడిందో వేరే చెప్పక్కర్లేదు. మతం గడి కొన్ని పథకాలకు అవసరమే. మైనారిటీ స్కాలర్‌షిప్‌కు కావాలి, బీసీ-ఈ సర్టిఫికెట్‌కు కావాలి, దూదేకుల సోదరులకు బీసీ-బీ కావాలి. అవసరమైనచోట రాయడానికి మనకేం షర్మ్ లేదు. అవసరం లేని చోట అది ఎందుకుండాలి, ఎవరు చూడాలి అన్నదే సవాలు.

మన దగ్గరే ఇలా జరుగుతుంది, బయట దేశాల్లో అంతా పక్కాగా ఉంటుంది అనుకునేవాళ్ళకు రెండు సంగతులు. 2007లో బ్రిటన్‌లో అక్కడి పన్నుల శాఖ, పిల్లల భత్యం తీసుకునే కుటుంబాలన్నింటి వివరాలను రెండు సీడీల్లో ఎక్కించి ఆడిట్ ఆఫీసుకు రిజిస్టర్ చేయని టపాలో పంపింది. అవి చేరలేదు. రెండున్నర కోట్ల మంది పేర్లు, అడ్రసులు, పుట్టిన తేదీలు, బ్యాంకు ఖాతాలు గల్లంతయ్యాయి. ఆ శాఖ పెద్ద ఇస్తీఫా ఇచ్చాడు. ఇందులో సబక్ ఏమిటంటే, ఆడిట్ వాళ్ళు బ్యాంకు వివరాలు మాకొద్దు, తీసేసి పంపండి అని ముందే అడిగారు. అలా తీయడానికి ఖర్చవుతుందని మొత్తం పంపేశారు. నేను గ్రూప్‌లో చేసిందీ అదే. అడగాల్సింది "ఈ దరఖాస్తు ఎక్కడ ఆగింది" అని. దానికి దరఖాస్తు నంబరొకటి చాలు. తీరిక లేదని మొత్తం కాగజాత్ వేసేశాను.

రెండోది నెదర్లాండ్స్ సంగతి. పిల్లలను చూసుకునే సెంటర్ల ఖర్చుకు ఇచ్చే మదద్‌లో మోసం జరుగుతోందని అక్కడి పన్నుల శాఖ అనుమానం పెట్టుకుంది. ఎవరిని అనుమానించాలో తేల్చే లెక్కలో దరఖాస్తుదారుల జాతీయతను కూడా కలిపింది. 20,000కు పైగా కుటుంబాలు చేయని తప్పుకు దొంగలయ్యాయి, తీసుకున్న పైసలన్నీ వాపస్ కట్టమని నోటీసులు అందుకున్నాయి. చాలా ఇళ్ళు అప్పుల్లో మునిగాయి. బయటనుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువగా నలిగిపోయాయి. చివరకు 2021 జనవరి 15న అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. బిడ్డకు అన్నం పెట్టడానికి తీసుకున్న వివరం, తల్లిదండ్రుల మీద షక్ పెట్టుకోవడానికి పనిముట్టు కావడం అంటే ఇదే.

మరి మన దేశంలో కానూన్ లేదా? ఉంది. ఆధార్ చట్టమే ఎవరి ఆధార్ నంబరునూ బహిరంగంగా ప్రచురించకూడదని, అతికించకూడదని చెబుతుంది. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు, ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ పథకం ఆపకూడదని, వేరే దస్తావేజు చూసి ఇవ్వాలని చెప్పింది. బిడ్డకు ఆధార్ తీయాలంటే తల్లిదండ్రుల ఇజాజత్ కావాలంది. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన బిడ్డ ఎవరో పోల్చుకునేలా వివరాలు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జుర్మానా, లేదా రెండూ. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి. పథకాల కోసం సర్కారు మన ఇజాజత్ లేకుండానే మన వివరాలు వాడుకోవచ్చని ఆ చట్టం అంటుంది. అదే సమయంలో, అవసరమైనంతే తీసుకోవాలి, అవసరం తీరాక ఉంచుకోకూడదు, సవాలుకు జవాబిచ్చే మనిషి ఎవరో చెప్పాలి అని రూల్స్ అంటున్నాయి. ఇవి అమలుకు రావడానికి 18 నెలల గడువు పెట్టారు. గడువు అయ్యేదాకా ఎందుకు ఆగాలి? మన సచివాలయంలో ఇవాళే మొదలుపెట్టవచ్చు.

ఇక్కడ ఒక బుజుర్గ్ నన్ను ఆపి అడిగారు: "బేటా, లిస్టు గోడకు అతికించకపోతే ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు ఎలా తెలుస్తుంది? దాచిపెడితే దొంగలకే కదా ఫాయిదా?" మాట నిజం. తల్లికి వందనం లిస్టు గోడ మీద ఉండాలి. లేకపోతే అర్హులైన అమ్మ పేరు పోయినా తెలియదు. కానీ ఆ లిస్టులో పేరు, ఊరు, మంజూరైందా లేదా అన్నవి చాలు. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఫోన్ నంబరు ఎందుకు? మిషన్ వాత్సల్య మాత్రం వేరే సంగతి. చట్టం ప్రకారం ఈ స్పాన్సర్‌షిప్ బేవా తల్లుల పిల్లలకు, తలాక్ అయిన, కుటుంబం వదిలేసిన తల్లుల పిల్లలకు, ప్రాణాంతక బీమారీ ఉన్న తల్లిదండ్రుల పిల్లలకు, బంధువుల దగ్గర పెరిగే యతీం పిల్లలకు. ఆ లిస్టులో పేరు ఉండటమే ఒక రాజ్ బయట పెట్టడం. దాన్ని గోడకు ఎక్కించకూడదు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ మంజూరు చేస్తుంది, అక్కడ పరిశీలన జరగాలి. ఊరి చౌరస్తాలో కాదు.

మన అమ్మలకు ఇందులో ఇంకో చిక్కుంది. కారణం గడిలో "తలాక్" అని ఒక్క మాట రాస్తే, ఒకేసారి మూడు తలాక్‌లు చెల్లవని, అలా చెప్పినవాడికి మూడేళ్ళ దాకా జైలు అని 2019 చట్టం ఉంది. ఫిర్యాదు ఆ భార్య గానీ, ఆమె రక్తసంబంధీకులు, పెళ్ళి వల్ల బంధువులైనవాళ్ళు గానీ ఇవ్వవచ్చు. ఆమె కేసు పెట్టాలనుకుందో, బిడ్డ కోసం ఊరుకుందామనుకుందో ఆమె మర్జీ. కాగితం పది మంది ఫోన్లలోకి పోతే ఆ మర్జీ ఆమె చేతిలో ఉండదు. ఏ బంధువో కోపంతో దాన్ని పట్టుకుని స్టేషన్‌కు పోవచ్చు. నెలకు 4,000 కోసం రాసిన మాట ఇంటిని కోర్టుకు ఎక్కించవచ్చు.

అలాగే పర్దా సంగతి. 2025 జూలై 1 నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే పౌష్టికాహారం తీసుకోవాలంటే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖం ఫోటో తప్పనిసరి చేశారు. నఖాబ్ వేసుకునే మన చెల్లెళ్ళు ఇందువల్ల సరుకు మానుకోవద్దు. అంగన్‌వాడీ టీచరు కూడా ఆడమనిషే. లోపలి గదిలో తీయమని అడగండి. యాప్‌లోనే తీయాలి, ఫోన్ గ్యాలరీలో వేరే ఫోటో ఉంచొద్దని అదబ్‌గా చెప్పండి. అడగడం గుస్తాఖీ కాదు, మీ హక్కు.

సర్కారును అడిగే ముందు మన గల్లాలో మనం తొంగి చూసుకోవాలి. సూరా హుజురాత్ ఇతరుల లోపాలు కూపీ లాగడాన్ని, గీబత్‌ను మనకు మనా చేసింది. అమానత్‌లను వాటి హక్‌దార్లకు అప్పజెప్పమని సూరా నిసా హుకుం. పేదవాడికి బహిరంగంగా ఇవ్వడం మంచిదే గానీ గుప్తంగా ఇవ్వడం ఇంకా మేలని సూరా బఖరాలో చదువుకుంటాం. మరి రంజాన్‌లో రేషన్ కిట్ ఇస్తూ బేవా తల్లి ముఖం ఫోటో తీసి స్టేటస్ పెట్టేది ఎవరు? యతీం పిల్లలను వరసగా నిలబెట్టి బట్టలిస్తూ వీడియో తీసేది ఎవరు? హౌసింగ్ కార్పొరేషన్‌ను తప్పుపట్టే నోటితోనే ఇది కూడా ఒప్పుకోవాలి. సర్కారు దగ్గర లీకైతే వార్త అవుతుంది. మన దగ్గర లీకైతే "ఖిద్మత్" అవుతుంది.

ఆ రోజు తర్వాత మా గదిలో కొన్ని పద్ధతులు మార్చాం. మీ ఊళ్ళో పనికొస్తాయేమో చూడండి.

అమ్మల దరఖాస్తులు ఇప్పుడు మగవాళ్ళం చూడం. చదువుకున్న ఇద్దరు ఆపాలు చూస్తారు. కారణం గడి రాసేది వాళ్ళే, లేదా ఆ అమ్మే. గ్రూప్‌లో కాగితం ఫోటో వేయడం బంద్. ఎవరినైనా అడగాల్సి వస్తే దరఖాస్తు నంబరు మాత్రమే, అదీ ఆ ఒక్క మనిషికే. పూర్తి ఆధార్ తప్పనిసరి కాని చోట మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇస్తున్నాం. దాన్ని ఆధార్ వెబ్‌సైటు నుంచి ఉచితంగా తీసుకోవచ్చు. జిరాక్స్ మీద "ఫలానా పథకం కోసం మాత్రమే" అని రాసి, తారీఖు వేసి, దస్తఖత్ చేయిస్తాం. నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించాక ఆ కంప్యూటర్‌లోంచి తీసేయమని, పాడైన జిరాక్స్‌లు వాపస్ ఇవ్వమని అడుగుతాం. పని అయ్యాక మా ఫోన్లలోనూ ఉంచం. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దని ప్రతి అమ్మకూ చెబుతాం.

సచివాలయాన్ని, అంగన్‌వాడీని అడిగేవి మూడే. ఒకటి, గోడ లిస్టులో నంబర్లు వద్దు, వాత్సల్య పేర్లు అసలే వద్దు. రెండు, దరఖాస్తు కొట్టేస్తే కారణం ఆ తల్లికి కాగితం మీద ఇవ్వండి, సరిచేయడానికి ఎవరిని కలవాలో ఆ మనిషి హోదా రాయండి. మూడు, వదిలేసిన భర్త గురించి, బీమారీ గురించి అడిగేటప్పుడు కౌంటర్ దగ్గర పదిమంది ముందు అడగకండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. ఒక కుర్చీ పక్కకు జరిపితే చాలు.

ఆ చెల్లెలి సంగతి అడుగుతారేమో. ముఆఫీ అడగడానికి మా ఇంటామెతో కలిసి వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మీ చాయ్ ఇచ్చింది. చెల్లెలు బయటికి రాలేదు. పర్దా వెనకనుంచి "ముఆఫ్ కర్దీ భాయ్" అంది. దరఖాస్తు మళ్ళీ పెడదామా అని అడిగితే జవాబు లేదు. మా ఆపాల్లో ఒకరు నెలకొకసారి వెళ్ళి మాట్లాడుతున్నారు. కొత్త ఫారం ఆపా దగ్గరే ఉంది. అందులో ఏమీ రాయలేదు. రాసేది ఆ చెల్లెలే, ఆమె ఇష్టమైనప్పుడు. ఆ బిడ్డకు పద్దెనిమిది నిండేలోపు ఆ రోజు రావాలని దుఆ చేయండి.

ఈ రాత్రి మీ ఫోన్ గ్యాలరీ ఒకసారి తెరిచి చూడండి. ఏ ఆపా ఆధార్, ఏ ఖాలా పాస్‌బుక్, ఏ బిడ్డ బర్త్ సర్టిఫికెట్ ఇంకా అందులో ఉందో. పని అయిపోయి ఉంటే తీసేయండి.